తూనీగ రెక్కల ఫిల్మ్ మంచాలకు అతికిస్తే వార్డులో ఇన్ఫెక్షన్లు తగ్గుతాయా?

మద్దిలపాలెం_ట్రస్టీ

అందరికీ నమస్కారం. మాది విశాఖ మద్దిలపాలెంలో ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రి. నేను డాక్టర్‌ని కాను, జమాఖర్చులు చూసే కమిటీలో ఉన్నాను. మొన్న ఒక కంపెనీ తరఫున ఒకతను వచ్చి పలచటి ప్లాస్టిక్ ఫిల్మ్ చూపించాడు. తూనీగ రెక్కల మీద కంటికి కనిపించనంత చిన్న మొనలు ఉంటాయట, అలాంటివే దీనిమీదా అచ్చు వేశారట. బ్యాక్టీరియా వచ్చి వాలితే చాలు, చిరిగి చస్తుందట. మందు లేదు, రసాయనం లేదు, కాబట్టి మందులకు లొంగని బ్యాక్టీరియా పుట్టుకొస్తుందన్న భయం కూడా లేదంటున్నాడు. మంచాల పక్క కడ్డీలకు, తలుపు హ్యాండిళ్లకు, ఐసీయూ స్విచ్‌బోర్డులకు వేయించమని కొటేషన్ ఇచ్చి వెళ్లాడు. కరపత్రం మీద 99.9 శాతం అని ఇంతింత అక్షరాలతో ఉంది.

ఖర్చు తక్కువేం కాదు. ఆ డబ్బుతో వార్డుల్లో కొత్త వాష్‌బేసిన్లు పెట్టించమని మా మేట్రన్ గారు రెండేళ్లుగా అడుగుతున్నారు. కమిటీలో సగం మంది అటు, సగం మంది ఇటు. ఇది నిజంగా పనిచేసే సరుకా, లేక పేరు గొప్ప ఊరు దిబ్బా? తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక_మెటలర్జీ

సార్, ఇందులో సైన్స్ నూటికి నూరుపాళ్లు నిజం. నేను మెటలర్జీ చదువుతున్నాను, ఉపరితలాల మీదే ప్రాజెక్టు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

2012లో ఆస్ట్రేలియాలోని స్విన్‌బర్న్ యూనివర్సిటీలో ఎలీనా ఇవనోవా బృందం సికాడా రెక్కల మీద పనిచేసింది. వేసవిలో చెట్టెక్కి చెవులు గింగిర్లెత్తేలా రొద పెడుతుందే, ఆ పురుగు. దాని రెక్క మీద నీటిచుక్క నిలవదు కాబట్టి బ్యాక్టీరియా కూడా అంటుకోదేమో అనుకున్నారు. తీరా చూస్తే శుభ్రంగా అంటుకుంటోంది, కాకపోతే అంటుకున్నాక చస్తోంది. రెక్క నిండా సుమారు 200 నానోమీటర్ల ఎత్తున్న మొనలు, ఒకదానికొకటి 170 నానోమీటర్ల దూరంలో ఉన్నాయి. మన తలవెంట్రుక మందమే 80,000 నానోమీటర్ల దాకా ఉంటుంది, దాన్నిబట్టి ఊహించుకోండి. సూడోమోనాస్ ఎరూజినోసా అనే బ్యాక్టీరియా (ఐసీయూ వాళ్లకి దీని పేరు వింటేనే టెన్షన్) ఆ మొనల మీద దాదాపు ఐదు నిమిషాల్లో చచ్చింది. రెక్కలో విషపదార్థం ఏదైనా ఉందేమోనన్న అనుమానంతో దానిమీద 10 నానోమీటర్ల బంగారు పూత వేసి మళ్లీ చూశారు. పూతతో పైనున్న రసాయనం మారింది, ఆకారం అలాగే ఉంది. అప్పుడూ చచ్చింది. అంటే చంపుతున్నది ఆకారమే.

2013లో అదే బృందం తూనీగ రెక్కనీ, అలాంటి మొనలే ఉన్న బ్లాక్ సిలికాన్‌నీ పరీక్షించింది. చదరపు సెంటీమీటరుకు నిమిషానికి 4,50,000 కణాల దాకా చంపగలదని తేల్చింది. ముల్లు వచ్చి అరిటాకు మీద పడినా, అరిటాకు వచ్చి ముల్లు మీద పడినా చిరిగేది అరిటాకే కదా. దీనికి బ్యాక్టీరియా ఏం విరుగుడు నేర్చుకుంటుంది? 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా తీసిన ప్రాణాలు ప్రపంచం మొత్తం మీద 12.7 లక్షలని లాన్సెట్ పత్రిక అంచనా వేసింది. కొత్త యాంటీబయాటిక్‌లా వస్తున్నాయా అంటే అరకొరగా. నా ఓటు ఫిల్మ్‌కే.

ఉప్పుగాలి

తూనీగ రెక్కని ఎవరూ రోజుకి మూడుసార్లు ఫినాయిల్‌తో తోమరు తమ్ముడూ.

పెదవాల్తేరు_మైక్రో

రిటైరయ్యేదాకా మైక్రోబయాలజీ పాఠాలు చెప్పినదాన్ని, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తే ఓపిక పట్టండి.

బాబూ మెటలర్జీ, నువ్విచ్చిన సంఖ్యలు సరైనవే. కానీ సామెత దగ్గర ఒక్క నిమిషం ఆగు. అన్ని ఆకులూ అరిటాకులు కావు. సూడోమోనాస్, ఈ.కొలై లాంటివి గ్రామ్ నెగటివ్ అనే రకం. వాటి గోడ కొద్ది నానోమీటర్ల మందం, బయట ఇంకో పలచటి పొర. స్టెఫైలోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్ వాటికి గోడ మందం 20 నుంచి 80 నానోమీటర్ల దాకా ఉంటుంది. 2013లో వచ్చిన పరీక్షల్లోనే సికాడా రెక్క గ్రామ్ నెగటివ్ వాటిని చంపింది, స్టెఫైలోకాకస్‌ని చంపలేకపోయింది. తూనీగ రెక్క, బ్లాక్ సిలికాన్ రెండు రకాలనూ చంపాయి. ఈ తేడా ఎందుకంటే సికాడా మొనలు ఒకే ఎత్తులో వరసగా ఉంటాయి, తూనీగవి ఎగుడుదిగుడుగా, ఇంకా సన్నగా ఉంటాయి. ప్లాస్టిక్ మీద అచ్చు వేసి చవకగా తీయడానికి వీలైనది వరసగా ఉండే రకమే. కాబట్టి ట్రస్టీ గారూ, మీకు చూపించిన దానిమీద పేరు తూనీగదీ మొనలు సికాడావీ అయి ఉండొచ్చు. మొదట అడగాల్సింది అది.

రెండో సంగతి. ముల్లు గుచ్చుకుని చస్తుందన్న మాట కరపత్రాల్లో బాగుంటుంది గానీ సైంటిస్టులే దానిమీద ఒక్కమాట మీద లేరు. మొన గుచ్చుకోదనీ, రెండు మొనల మధ్య వేలాడిన పొర సాగి సాగి తెగుతుందనీ 2013లో ఒక లెక్క కట్టారు. తూనీగ రెక్క మీద పనిచేసిన ఇంకో బృందం 2017లో వేరే మాట చెప్పింది: బ్యాక్టీరియా తన జిగురుతో తానే మొనలకు అతుక్కుంటుంది, కదలబోయినప్పుడు పొర ఊడి వస్తుంది. 2020లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ యూనివర్సిటీ వాళ్లు టైటానియం మొనల మీద చూస్తే చాలా కణాలు అసలు పగలనే లేదు. లోపల ఆక్సిడేటివ్ స్ట్రెస్ (కణాన్ని దెబ్బతీసే ఆక్సిజన్ రసాయనాల ఒత్తిడి) పెరిగి, విభజన దెబ్బతిని కుంటుపడ్డాయి. ఎలా చస్తుందో తేలకుండానే విరుగుడు పుట్టదని రాసిచ్చేవాణ్ణి నేను నమ్మను. మందంగా జిగురు స్రవించి దానిమీద కాపురం పెట్టడం బ్యాక్టీరియాకి కొత్త విద్యేం కాదు.

మూడోదే అసలు సంగతి. పైన చెప్పిన ప్రయోగాలన్నీ తడిలో జరిగినవి. రెక్క ముక్కను బ్యాక్టీరియా ఉన్న ద్రవంలో ముంచి చూస్తారు. మీ మంచం కడ్డీ పొడిగా ఉంటుంది. దానిమీదికి బ్యాక్టీరియా ఈదుకుంటూ రాదు. చెమట, జిడ్డు, చర్మపు పొట్టు, ఎండిన కఫం వీటిలో చుట్టుకుని వస్తుంది. ఆ జిడ్డు పొర ముందు 200 నానోమీటర్ల మొన ఏపాటి? అది మునిగిపోతుంది. కంపెనీవాళ్ల 99.9 ఏ పరీక్షలోదో కనుక్కోండి. ఐఎస్‌ఓ 22196 అని ఉంటే దాని అర్థం చెబుతాను.

మద్దిలపాలెం_ట్రస్టీ

మేడమ్, సర్టిఫికెట్ తీసి చూశాను. ఐఎస్‌ఓ 22196 అనే ఉంది. ఈ.కొలై, స్టెఫైలోకాకస్ రెండు పేర్లూ ఉన్నాయి. పోల్చడానికి పెట్టిన ముక్క ఏ పదార్థమో రాయలేదు.

పెదవాల్తేరు_మైక్రో

అనుకున్నాను. ఆ పరీక్షలో ఏం చేస్తారంటే, బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని ముక్క మీద పోసి, అది ఆరిపోకుండా పైన ఇంకో పలచటి ఫిల్మ్ కప్పి, 35 డిగ్రీల వేడిలో, 90 శాతానికి తగ్గని తేమలో 24 గంటలు ఉంచి అప్పుడు లెక్కపెడతారు. మన విశాఖలో మే నెల ఉక్కపోత కూడా దానిముందు దిగదుడుపే. పరీక్ష తప్పని కాదు, ప్లాస్టిక్ రకాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి అది మంచిదే. కానీ ఒక రోగి పట్టుకున్న కడ్డీని పది నిమిషాల తర్వాత నర్సు పట్టుకుంటే ఏమవుతుందో అది చెప్పదు.

గాజువాక_మెటలర్జీ

మేడమ్, ఒప్పుకుంటా, కానీ పూర్తిగా కాదు. చెమట చెయ్యి అంటే తడే కదా? మన ఊళ్లో చెయ్యి ఎప్పుడు పొడిగా ఉంటుంది చెప్పండి. అదీగాక తుడిచే మనిషి రాత్రి రెండింటికి రాకపోవచ్చు, మొనలు మాత్రం డ్యూటీలోనే ఉంటాయి. సగం చంపినా సగం లాభమే.

నైట్‌డ్యూటీ_సిస్టర్

అందరూ పెద్ద పెద్ద విషయాలు రాస్తున్నారు, వార్డులో తిరిగేదాన్ని కాబట్టి నాదో మాట. సగం లాభం అనే లెక్క వార్డులో ఎదురు తిరుగుతుంది. దానంతటదే చంపుతుందని గోడ మీద బోర్డు పెట్టారనుకోండి, ఆ మంచాన్ని తుడిచేవాళ్లు ఉండరు. మేం బద్ధకస్తులమని కాదు. రాత్రిపూట వార్డుకి ఇద్దరం ఉంటాం. ఏది వదిలేసినా ఫరవాలేదో చూసుకుని అది వదిలేస్తాం.

ఇంకోటి. మేడమ్ తడి అన్నారు కాబట్టి చెబుతున్నా. మా దగ్గర సూడోమోనాస్ రిపోర్టు వస్తే మేం ముందు మంచం కడ్డీ చూడం. సింకు జాలీ చూస్తాం, ఆక్సిజన్ పెట్టే దగ్గర నీళ్ల సీసా చూస్తాం, కఫం లాగే సక్షన్ జార్ చూస్తాం. అది నీళ్ల పురుగు. ఆ రెక్కలేవో సూడోమోనాస్‌నే బాగా చంపుతున్నాయంటున్నారు. మరి కంపెనీవాళ్లు తలుపు హ్యాండిల్ ఎందుకు పట్టుకున్నారో నాకర్థం కాలేదు.

పెదవాల్తేరు_మైక్రో

సిస్టర్, ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన మంచి మాట ఇదే.

టొరంటోలో ఒక ఆసుపత్రి ఐసీయూలో 2004 నుంచి 2006 దాకా మందులకు లొంగని సూడోమోనాస్ 36 మంది రోగులకు అంటుకుంది. వెతగ్గా వెతగ్గా చేతులు కడుక్కునే సింకుల డ్రెయిన్లలో దొరికింది. సింకులు లోతు తక్కువ, కుళాయి ధార తిన్నగా జాలీ మీద పడేది. రంగునీళ్లు పోసి చూస్తే తుంపరలు మీటరు దూరం దాకా ఎగిరాయి. పక్కనే రోగి, మందులు కలిపే బల్ల. సింకులు మార్చాకే అది ఆగింది.

ట్రస్టీ గారూ, దీన్నిబట్టి మీ మేట్రన్ గారి కోరికకీ ఒక షరతు ఉంది. వాష్‌బేసిన్ అని ఏదో ఒకటి పెట్టించేస్తే చాలదు. లోతుగా ఉండాలి, ధార జాలీ మీద పడకూడదు, మోచేత్తో తిప్పే కుళాయి ఉండాలి, మంచానికి దూరంగా ఉండాలి. చూడటానికి అందంగా ఉన్న పలచటి బేసిన్లు హోటల్‌కి పనికొస్తాయి, ఐసీయూకి కాదు.

సింధియా_వెల్డర్

నేను డాక్టర్నీ కాదు, సైంటిస్టునీ కాదు. ఓడల పనిలో ఉన్నాను. నీళ్లలో ఉండే ఏ లోహానికైనా ముందు జిగురు పడుతుంది, ఆ వెనక గుల్లలు పడతాయి. దీనికోసమే ఇదివరకు ఓడల అడుగుకి టీబీటీ అనే రంగు వేసేవాళ్లు. సముద్రంలో నత్తల్నీ చేపల్నీ పాడుచేస్తోందని దాన్ని ప్రపంచమంతా మాన్పించారు, 2008 నుంచి నిషేధం. అమెరికాలో ఫ్లోరిడా యూనివర్సిటీ ఆయన, ఆంథొనీ బ్రెన్నన్ అని, నేవీ డబ్బుతో సొరచేప చర్మం చూసి ఒక గరుకు ఉపరితలం తయారుచేశాడు. 2 మైక్రాన్ల వెడల్పు, 3 మైక్రాన్ల ఎత్తు గీతలు. అది ఏదీ చంపదండి. అంటుకోనివ్వదు, అంతే. తర్వాత దాన్ని ఆసుపత్రుల సామాను మీదికి తెచ్చారు.

నా అనుమానం ఏటంటే, చంపే దానికంటే అంటుకోనివ్వనిదే మేలేమో? చంపితే ఆ శవాలు ఎక్కడికి పోతాయి?

పెదవాల్తేరు_మైక్రో

ఎక్కడికీ పోవు బాబూ, అక్కడే పడి ఉంటాయి. మొనలు కప్పుకుపోతాయి. తర్వాత వచ్చినవి ఆ పరుపు మీద హాయిగా వాలతాయి. ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా ఒప్పుకునే ఇబ్బంది ఇది. అంటుకోనివ్వకపోవడం, చంపడం, చచ్చినవాటిని ఊడగొట్టడం మూడూ ఒకే ఉపరితలంలో కుదర్చాలని ఇప్పుడు తంటాలు పడుతున్నారు.

మద్దిలపాలెం_ట్రస్టీ

మరి రాగి, ఇత్తడి సంగతేమిటి? మా కమిటీలో పెద్దాయన ఒకరు, పూర్వం తలుపులకి ఇత్తడి గొళ్లాలే ఉండేవి, స్టీలు వచ్చాకే రోగాలు వచ్చాయంటున్నారు.

పెదవాల్తేరు_మైక్రో

స్టీలు వచ్చాక రోగాలు వచ్చాయనడం అతి. కానీ రాగి విషయంలో పెద్దాయన మాటలో పస ఉంది. అమెరికా పర్యావరణ సంస్థ 2008లో రాగి మిశ్రలోహాలను బ్యాక్టీరియాని చంపే పదార్థాలుగా నమోదు చేసింది, రెండు గంటల్లో 99.9 శాతం అనే లెక్కతో. రాగి పొడిగా ఉన్నప్పుడూ పనిచేస్తుంది, అదే దాని గొప్ప. 2013లో అమెరికాలో మూడు ఆసుపత్రుల ఐసీయూల్లో మంచం కడ్డీలూ అవీ రాగివి పెట్టి చూస్తే ఇన్ఫెక్షన్లు సగానికి పైగా తగ్గాయని రాశారు. ఆ అధ్యయనం మీద విమర్శలూ వచ్చాయి, కళ్లు మూసుకుని నమ్మకండి.

ఉప్పుగాలి

మన ఊరి గాలికి వారంలో చిలుము పడుతుంది. చింతపండు పెట్టి తోమడానికి ఇంకో ఆయాని పెట్టుకోండి.

ఎముకల_డాక్టరు

ఆలస్యంగా చూశాను. తలుపు హ్యాండిళ్ల దగ్గరే చర్చ ఆగిపోతోంది, అసలు చోటు వదిలేశారు. నేను మోకాలి, తుంటి మార్పిడి ఆపరేషన్లు చేస్తాను. లోపల పెట్టిన టైటానియం మీద బ్యాక్టీరియా ఒకసారి పొర కట్టిందంటే యాంటీబయాటిక్ దాన్ని తాకలేదు. మళ్లీ కోసి మొత్తం తీసేయాలి. ఆ రోగి బాధ, ఖర్చు మాటల్లో చెప్పలేం. 1987లో గ్రిస్టీనా అనే డాక్టర్ దీన్ని ఉపరితలం కోసం పరుగుపందెం అన్నాడు: మన ఎముక కణం ముందు చేరితే గెలుపు మనది, బ్యాక్టీరియా ముందు చేరితే దానిది.

నానో మొనలకి సరైన చోటు ఇదే అని నా అభిప్రాయం. అక్కడ ఎప్పుడూ తడే. తోమేవాళ్లు లేరు, ఫినాయిల్ లేదు, ఒకరి చేతి జిడ్డు ఇంకొకరికి అంటే సమస్య లేదు. మన కణాలు బ్యాక్టీరియా కంటే ఎన్నో రెట్లు పెద్దవి, మెత్తనివి, ఆ మొనల మీద సర్దుకుని కూర్చోగలవు. టైటానియాన్ని క్షారంలో ఉడికించి మొనలు మొలిపించవచ్చు, లేదా ప్లాస్మాతో (రక్తంలోది కాదు, విద్యుత్తుతో రగిలించిన వాయువు) చెక్కవచ్చు. బెంగళూరు ఐఐఎస్‌సీలో బ్లాక్ టైటానియం (ఇలా మొనలు తేల్చిన టైటానియం) మీద చేసిన పని 2017లో అచ్చయింది. అంటే ఇది విదేశాల సరుకు మాత్రమే కాదు. పెదగంట్యాడ దగ్గర మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు పరీక్షించే ల్యాబులు కూడా ఉన్నాయి కదా, మన ఊరి కుర్రాళ్లు ఇటువైపు చూడాలి.

పెదవాల్తేరు_మైక్రో

డాక్టర్ గారూ, చోటు విషయంలో మీతో ఏకీభవిస్తాను. రెండు చిక్కులు మాత్రం మర్చిపోవద్దు. ఇంప్లాంట్ల మీద ఎక్కువగా చేరేది స్టెఫైలోకాకస్, అంటే మందపాటి గోడ ఉన్న రకం. మొనలు లొంగదీయలేకపోతున్నదీ ఎక్కువగా ఆ రకాన్నే. రెండు, లోపల పెట్టిన క్షణంలోనే రక్తంలోని ప్రోటీన్లు లోహం మీద పొరగా పరుచుకుంటాయి. మొన ఆ పొరలోంచి పనిచేయాలి. సీసాలోని ద్రవంలో వచ్చిన ఫలితం ఒంట్లో రావాలని లేదు.

ఎముకల_డాక్టరు

నిజమే. అందుకే నేను నా రోగులకి ఇంకా ఇలాంటివి వాడటం లేదు. కానీ తలుపు హ్యాండిల్ కోసం ఖర్చుపెట్టే రూపాయి ఈ పరిశోధనకి పోతే బాగుండునని నా బాధ.

గాజువాక_మెటలర్జీ

అందరూ కలిసి నన్ను మూలకి తోశారు, సరే. అయినా నేను పూర్తిగా వెనక్కి తగ్గను. సిస్టర్ గారు చెప్పిన చోట్లే పరీక్షిద్దాం. సింకు చుట్టూ ఉన్న గట్టు ఎప్పుడూ తడిగానే ఉంటుంది, తుంపర అక్కడే పడుతుంది. కంపెనీ దగ్గర నాలుగు ముక్కలు ఉచితంగా తీసుకుని అక్కడ అతికిద్దాం. ఆక్సిజన్ సీసా లోపల కూడా ఒకటి...

పెదవాల్తేరు_మైక్రో

సీసా జోలికి వెళ్లకు. రోగి పీల్చే నీళ్ల సీసాలో తెలియని ప్లాస్టిక్ ముక్క వేయడానికి నీకూ నాకూ హక్కు లేదు, దానికి ఎథిక్స్ కమిటీ కావాలి. ఆ సీసాకి కావాల్సింది స్టెరైల్ వాటర్, వేళకి మార్చే మనిషి.

సింకు గట్టు సరే. కానీ ఒట్టి ఫిల్మ్ ముక్కలు తెచ్చి అతికిస్తే ఏమీ తేలదు. అదే ప్లాస్టిక్, అదే మందం, మొనలు లేని నునుపు ముక్కలు కూడా అన్నే కావాలి. లేకపోతే ప్లాస్టిక్ మహిమో మొనల మహిమో ఎలా చెబుతావు? ఏ ముక్క ఏదో స్వాబ్ తీసేవాళ్లకి తెలియకూడదు. మొదటి రోజు ఫలితం నాకు అక్కర్లేదు, నెల తర్వాతది కావాలి. బోరు నీళ్లయితే ఆ పాటికి తెల్లటి ఉప్పు పొర కట్టేస్తుంది, అప్పుడు చూద్దాం మొనల ప్రతాపం.

మద్దిలపాలెం_ట్రస్టీ

కంపెనీ అతనికి ఫోన్ చేశాను. మొనలు ఏ రకమో, నునుపు ముక్కలు ఇస్తారో లేదో ఆఫీసులో కనుక్కుని చెబుతానన్నాడు. కడ్డీలకి, హ్యాండిళ్లకి మాత్రం ఇప్పుడు వద్దని కమిటీలో చెప్పాను. బేసిన్లకి కొటేషన్లు పిలుస్తున్నాం, లోతు, ధార సంగతి అందులో రాయించాను. మేట్రన్ గారు ఈ చర్చ ప్రింటు తీయించుకున్నారు.

గాజువాక_మెటలర్జీ

ముక్కలు వస్తే నెల తర్వాత వాటిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద నేను చూపిస్తాను సార్, మా గైడ్ ఒప్పుకున్నారు. మొనలు నిలిచాయో, వాలిపోయాయో, బురదలో కూరుకున్నాయో ఫొటోలు ఇక్కడే పెడతా. ఒక్క మనవి: ముక్కలని ప్రత్యేకంగా చూడకుండా మామూలుగా ఎలా తుడుస్తారో అలాగే, మీ ఫినాయిల్‌తోనే తుడవండి సిస్టర్.

నైట్‌డ్యూటీ_సిస్టర్

ఫినాయిల్ నేలకి బాబూ. సింకు గట్టుకి హైపో, అదే బ్లీచింగ్ నీళ్లు.